ఒకే రక్తపరీక్ష: నాన్నగారు లెక్కచేయడం లేదు, అమ్మ భయంతో తిండి తగ్గించేసింది. ఇద్దరికీ ఎలా చెప్పాలి?

ప్రశ్న అడిగినవారు: సోంపేట వాసి

సభ్యులందరికీ నమస్కారం. మాది సోంపేట మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్లను కుంగదీసిందో ఈ ప్రాంతంవారికి నేను చెప్పనక్కరలేదు. మా చిన్నాన్నగారు కూడా కొంతకాలం డయాలసిస్ మీద ఉండి, ఆ వ్యాధితోనే పోయారు. ఇటీవల మా ఊళ్లో పెట్టిన వైద్యశిబిరంలో మా తల్లిదండ్రులిద్దరూ రక్తపరీక్ష చేయించుకున్నారు. నాన్నగారి క్రియాటినిన్, అంటే మూత్రపిండాలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం, 1.7 వచ్చింది, రక్తపోటు కూడా ఎక్కువగానే ఉంది. అమ్మది 1.1 వచ్చింది. ఇప్పటికి కంగారు పడవలసినదేమీ లేదని, మూడు నెలలు పోయాక మళ్లీ చూద్దామని డాక్టరుగారు అమ్మకు చెప్పి పంపించారు.

జాగ్రత్త పడవలసిన నాన్నగారు ఏ ఒక్కటీ మార్చుకోలేదు. పొద్దున్నే చోడి అంబలిలోకి ఆవకాయ ఉండవలసిందే, రాత్రి అన్నంలోకి ఎండుచేప ఉండవలసిందే. మోకాళ్లు నొప్పి చేస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి సూదిమందు వేయించుకుంటారు. రక్తపోటు మాత్ర తల బరువుగా ఉన్న రోజున మాత్రమే వేసుకుంటారు. గట్టిగా అడిగితే, "నాకేటయిందిరా? తోటకెల్తన్నాను, వస్తన్నాను, బాగానే ఉన్నాను కదా" అంటారు. అమ్మ సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. కిడ్నీ అన్న మాట విన్న దగ్గర నుంచి నీళ్లు తాగడం తగ్గించింది, పప్పు మానేసింది, ఎవరో చెప్పిన ఆకు కషాయం రెండు పూటలా తాగుతోంది. ఆ రిపోర్టు కాగితం దేవుడి పటాల వెనుక పెట్టుకుని, రాత్రిళ్లు నిద్ర పట్టక లేచి కూర్చుంటోందని మా చెల్లెలు చెప్పింది.

నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాను, నెలకోసారి ఇంటికి వెళ్తాను. నాన్నగారు తన సొంత తమ్ముణ్ణి బండి మీద కూర్చోబెట్టుకుని డయాలసిస్‌కు తీసుకువెళ్లిన మనిషి. ఈ వ్యాధి ఎంత దూరం తీసుకువెళ్తుందో ఆయనకు తెలిసినంతగా నాకు తెలియదు. అటువంటి మనిషికి తన విషయంలో ఆ భయం ఎందుకు కలగడం లేదు? ఇది పుట్టుకతో వచ్చిన స్వభావమా, లేక మనం చెప్పే పద్ధతిలో లోపమా? నాన్నగారిని ఇంకా భయపెట్టాలా, అమ్మకు అసలు విషయం తగ్గించి చెప్పాలా? అనుభవం ఉన్నవారు, ఈ శాస్త్రం చదువుకున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: కంచిలి ఆరోగ్య కార్యకర్త

బాబూ, ముందు అమ్మగారి సంగతి చూడండి, అది ఆలస్యం చేయదగినది కాదు. నీళ్లు తగ్గించమని డాక్టరుగారు ప్రత్యేకంగా చెప్పిన రోగులు వేరు. ఒళ్లు నీరు పట్టినవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి ఆ లెక్క ఉంటుంది. క్రియాటినిన్ 1.1 ఉన్న మనిషి మన ఎండలో పనిచేస్తూ నీళ్లు మానుకుంటే మూత్రపిండాలకు మేలు జరగకపోగా కీడే జరుగుతుంది. ఆ ఆకు కషాయం వెంటనే ఆపించండి. కొన్ని మూలికలు నేరుగా మూత్రపిండాలనే దెబ్బతీస్తాయి, ఏ ఆకులో ఏముందో ఇచ్చినవారికి కూడా తెలియదు. ఇంకొకటి, భయపడేవారి ఇళ్లలో ఈ మధ్య సోడియం తక్కువని అమ్మే ఉప్పు ప్యాకెట్లు కనిపిస్తున్నాయి. వాటిలో చాలావరకు పొటాషియం కలుపుతారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి పొటాషియం పెరగడం ప్రమాదకరం కాబట్టి, డాక్టరును అడగకుండా ఆ ఉప్పు మీ నాన్నగారి వంటలోకి రానివ్వకండి.

నాన్నగారి వంటివారిని నేను రోజూ చూస్తుంటాను. వారిలో ఎక్కువమందికి జబ్బు సంగతి తెలియక కాదు. తమ ఒంట్లో ఏ బాధా లేకపోవడమే వారికి పెద్ద సాక్ష్యం. మూత్రపిండాల వ్యాధిలో ఉన్న మోసమంతా అక్కడే ఉంది. సగానికి పైగా పనితనం పోయేదాకా మనిషికి ఏ బాధా తెలియకపోవచ్చు. కాళ్లవాపు, ఆయాసం, వాంతులు కనబడేసరికి చాలాదూరం జరిగిపోయి ఉంటుంది. మీ చిన్నాన్నగారిని ఆయన చూసింది ఆ చివరి దశలో. మంచాన పడ్డ తమ్ముడికీ, తోటకు నడిచి వెళ్తున్న తనకూ పోలిక ఎక్కడుందని ఆయన అనుకుంటారు. మీరు మళ్లీ మళ్లీ చిన్నాన్నగారి పేరెత్తితే ఆ తేడాయే ఆయనకు మరింత గట్టిగా కనిపిస్తుంది. అందుచేత ఆ ఉదాహరణ పక్కన పెట్టి, చిన్నాన్నగారికి ఇంకా ఏ బాధా లేని రోజుల్లో ఆయన కూడా ఇలాగే తోటకు వెళ్లేవారు కదా అని ఒక్కసారి అడిగి, ఆయన జవాబు చెప్పేదాకా ఊరుకోండి.

మాత్ర విషయానికి వస్తే, "క్రమం తప్పకుండా వేసుకోండి" అన్న మాట వల్ల ఎవరూ మారగా నేను చూడలేదు. మాత్ర ఇంట్లో ఎక్కడ ఉంటుందని అడుగుతాను. బీరువాలో ఉంటుంది, లేదా మందుల సంచిలో దూలానికి వేలాడుతుంటుంది. ఆ అట్టను అంబలి తాగే గిన్నె పక్కన పెట్టించి, అంబలి తాగగానే మాత్ర అని వారి చేతనే చెప్పించిన ఇళ్లలో తేడా కనిపించింది. అయితే ఆ చోటు మీరు నిర్ణయించకూడదు, ఆయనే నిర్ణయించాలి.

జవాబు: విజయనగరం అధ్యాపకుడు

మనస్తత్వశాస్త్రం బోధిస్తున్నవాడిని కాబట్టి మీ ప్రశ్నలోని రెండో భాగానికి, అంటే స్వభావమా, చెప్పే పద్ధతా అన్నదానికి, కొంత వివరంగా జవాబు రాస్తాను.

ప్రమాదం గురించి తెలిసినా మనుషులు ఎందుకు కదలరన్న ప్రశ్న 1950లలో అమెరికా ప్రజారోగ్య శాఖవారికి ఎదురైంది. క్షయ పరీక్ష కోసం ఊళ్లోకే ఎక్స్‌రే బండ్లు తెచ్చి ఉచితంగా తీస్తామన్నా జనం రాలేదు. గాడ్‌ఫ్రీ హాక్‌బామ్ అనే పరిశోధకుడు దీనిని పరిశీలించి 1958లో వివరాలు ప్రచురించారు. తమకు క్షయ రావచ్చునని, ముందుగా కనిపెడితే మేలు జరుగుతుందని రెండూ నమ్మినవారిలో 82 శాతం మంది ఎక్స్‌రే తీయించుకున్నారు. రెండూ నమ్మనివారిలో 21 శాతమే తీయించుకున్నారు. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, "జబ్బు భయంకరమైనది" అన్న నమ్మకం ఒక్కటే చాలదు. "అది నాకు రావచ్చు" అన్న నమ్మకం వేరు, "నేను చేసే పనివల్ల ఫలితం ఉంటుంది" అన్న నమ్మకం వేరు. మీ నాన్నగారికి మొదటిది పుష్కలంగా ఉంది, రెండోది లేదు. మీ అమ్మగారికి మొదటి రెండూ మితిమీరి ఉన్నాయి, మూడోది దారి తప్పింది. ఇద్దరికీ ఒకే మాట చెబితే ఒకరికి చాలదు, మరొకరికి ఎక్కువవుతుంది.

"నాకు రాదులే" అన్న భావం మీ నాన్నగారి ఒక్కరిది కాదు. నీల్ వైన్‌స్టైన్ 1980లో కళాశాల విద్యార్థులపై చేసిన అధ్యయనంలో, చెడు సంఘటనలు తోటివారి కంటే తమకు తక్కువగా జరుగుతాయని చాలామంది అంచనా వేసుకున్నట్టు తేలింది. ఇంతవరకు రాని జబ్బు ఇకముందు కూడా రాదన్న తర్కం ఇందులో బలంగా పనిచేస్తుందని ఆయన తర్వాతి అధ్యయనాల్లో చూపించారు. ఏ బాధా లేకుండా ఇంత వయసు వచ్చిన మనిషి అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

స్వభావం పాత్ర కూడా నిజమే. ఈ రంగంలో నేడు ఎక్కువమంది అంగీకరించే పద్ధతి మనిషి స్వభావాన్ని ఐదు కోణాల నుంచి చూస్తుంది. ఆరోగ్యానికి సంబంధించినంతవరకు వాటిలో రెండు ముఖ్యం: నియమం తప్పకుండా పని పూర్తిచేసే గుణం ఒకటి, ఊరికే ఆందోళనపడే గుణం ఇంకొకటి. కాలిఫోర్నియాలో లూయిస్ టెర్మన్ 1921లో మొదలుపెట్టి దాదాపు 1,500 మంది పిల్లలను జీవితాంతం అనుసరించిన అధ్యయనం ఉంది. ఆ వివరాలను హోవార్డ్ ఫ్రీడ్‌మన్ బృందం పరిశీలించి, చిన్నప్పుడు నియమబద్ధంగా ఉన్న పిల్లలు సగటున ఎక్కువకాలం జీవించారని 1993లో ప్రకటించింది. ఆందోళనపడే గుణం మాత్రం రెండు వైపులా పనిచేస్తుంది. నియమం కూడా తోడైతే అది మనిషిని సమయానికి డాక్టరు దగ్గరికి పంపిస్తుంది, తోడు కాకపోతే కషాయాల దగ్గరికి పంపిస్తుంది. మీ అమ్మగారి భయం తగ్గించడానికి అబద్ధం చెప్పవద్దు. ఆ భయానికి సరైన పని అప్పగించండి. రెండు వారాలకోసారి ఇద్దరి రక్తపోటూ చూపించి ఒక నోటుపుస్తకంలో రాసే బాధ్యత ఆవిడకు ఇస్తే, పటాల వెనుక కాగితం చూసుకునే సమయం తగ్గుతుంది.

ఇంకా భయపెట్టాలా అని అడిగారు. 1965లో హోవార్డ్ లెవెంథాల్ యేల్ విశ్వవిద్యాలయంలో ధనుర్వాతం టీకా గురించి విద్యార్థులకు కరపత్రాలు పంచి చూశారు. భయం పుట్టించే కరపత్రం చదివినవారు టీకా అవసరమని ఎక్కువగా ఒప్పుకున్నారు కానీ, అంతమాత్రాన టీకాకు వెళ్లలేదు. ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో గుర్తించిన పటం ఇచ్చి, ఏ వేళకు వెళ్తారో తమ దినచర్యలో చూసుకోమని చెప్పినవారిలో సుమారు 28 శాతం వెళ్లారు. అలా చెప్పనివారిలో వెళ్లింది 3 శాతమే. వారందరికీ ఆ కేంద్రం ఎక్కడుందో ముందే తెలుసు. తెలియడానికీ వెళ్లడానికీ మధ్య ఉన్న ఖాళీని నింపింది చిన్న ఏర్పాటు. అంబలి గిన్నె పక్కన మాత్ర పెట్టించడమని పై సభ్యురాలు రాసినది సరిగ్గా ఇదే.

జవాబు: పూసపాటిరేగ కోడలు

మాది విజయనగరం జిల్లా తీరంలో చేపలవేట మీద బతికే ఊరు. మీరు అడిగింది మూత్రపిండాల గురించి అయినా, మా ఇంటి అనుభవం మీకు పనికిరావచ్చునని రాస్తున్నాను. మా అత్తగారు చిన్నప్పటి నుంచి అడ్డపొగ తాగుతారు, అంటే చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. మన రెండు జిల్లాల తీరంలో పెద్దవయసు ఆడవాళ్లలో ఈ అలవాటు ఎంత ఉందో అందరికీ తెలుసు. 1960లలోనే టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థవారు శ్రీకాకుళం జిల్లాలో ఊరూరా తిరిగి నోళ్లు పరీక్షించారు. అడ్డపొగ వల్ల అంగిలి మీద మచ్చలు, క్యాన్సర్ వస్తాయని అప్పుడే రాశారు. ఆ తర్వాత కేరళ, గుజరాత్‌లతో పాటు శ్రీకాకుళం జిల్లాలో కూడా ఇంటింటికీ వెళ్లి పొగాకు మాన్పించే కార్యక్రమం నడిపి, మనిషి మనిషితో మాట్లాడితే మానేవారు పెరుగుతారని నిరూపించారు.

మా అత్తగారికి ఈ భయాలేవీ పట్టలేదు. ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లు నోటి క్యాన్సర్‌తో పోవడం ఆవిడ కళ్లారా చూశారు. "రాసిపెట్టున్నోళ్లకి వస్తాది, మన సేతిలో ఏటున్నాది" అనేవారు. ఒకసారి పళ్ల డాక్టరమ్మ వచ్చినప్పుడు, ఆవిడ నోట్లోకి టార్చి వేసి సెల్‌ఫోనుతో అంగిలి ఫోటో తీసి చూపించారు. ఎర్రటి చుక్కలు, వాటి చుట్టూ తెల్లగా మందం కట్టిన చర్మం. "ఇది నా నోరేనా?" అని అత్తగారు రెండుసార్లు అడిగారు. ఆ డాక్టరమ్మ క్యాన్సర్ మాట ఎత్తలేదు. ఈ తెలుపు చాలావరకు చుట్ట మానేస్తే తగ్గే రకమని, మూడు నెలలకు మళ్లీ ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూద్దామని మాత్రం చెప్పారు. మా అత్తగారు చేపలు అమ్మివచ్చాక తాగే చుట్ట, రాత్రి పడుకునే ముందు చుట్ట, ఈ రెండూ వదలలేకపోయారు. మిగిలినవన్నీ మానేశారు. రెండో ఫోటోలో తెలుపు తగ్గింది. ఆవిడ ఇప్పటికీ పూర్తిగా మానలేదు, కానీ ఫోటో చూపించమని తనే అడుగుతున్నారు. మీ నాన్నగారికి కూడా తన ఒంట్లోని సంగతి తన కళ్లకు కనబడేలా చేయగలిగితే బాగుంటుంది. రక్తపోటు మిషను అంకె ఆయనే చదివి ఆయనే రాసుకునేలా చూడండి.

జవాబు: మందస జీడితోట

పై జవాబులన్నీ శ్రద్ధగా చదివాను. రాసినవారి మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం చెప్పాలనుకుంటున్నాను. ఉద్దానం మనిషి పరీక్షకు వెనుకాడితే దానిని స్వభావలోపంగానో, ప్రమాదం అంచనా వేసుకోలేకపోవడంగానో చూడడం నాకు అన్యాయంగా తోస్తోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు హెచ్చరిక వినగానే పక్కా భవనాలకు తరలిన మనుషులే వీళ్లంతా. ప్రమాదం అర్థం చేసుకోలేనివారు కారు. తుఫాను ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు, ఏ రాత్రి వస్తుందో తెలుసు, ఎక్కడికి వెళ్తే బతుకుతామో తెలుసు. ఈ జబ్బుకు కారణం ఏమిటో ఇన్నేళ్లయినా ఎవరూ కచ్చితంగా తేల్చలేదు. నీటిలో లోపమన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశపారంపర్యమన్నారు. వంశధార నీటిని హిరమండలం నుంచి గొట్టాల ద్వారా తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి, సంతోషమే. కానీ అంతకుముందు తరాలవారు ఊటబావి నీరే తాగారు. "నేను జాగ్రత్తపడితే రాదు" అని ఏ ఆధారంతో నమ్మాలి?

ఇంకొక మాట. పరీక్షలో అంకె పెరిగిందని ఊళ్లో తెలిస్తే ఆ ఇంటి పిల్లకు సంబంధాలు వెనక్కి పోతాయి. రోజుకూలీకి వెళ్లేవాడు ఆసుపత్రికి వెళ్లిన రోజు కూలీ పోతుంది. మీ నాన్నగారికి పెళ్లికావలసిన కూతురు ఉందని మీ మాటల వల్ల నాకు అనిపించింది. "నాకేటీ అవలేదు" అని ఆయన నలుగురిలో అంటున్నది తన కోసం కాకపోవచ్చు.

జవాబు: విజయనగరం అధ్యాపకుడు

మీ అభ్యంతరం సరైనది, పైగా ఈ చర్చకు చాలా అవసరమైనది. మనిషి ఒకే ప్రమాదాన్ని తూచడు. జబ్బు ప్రమాదం ఒక పక్క, కూతురి సంబంధం తప్పిపోయే ప్రమాదం మరో పక్క ఉన్నప్పుడు, దగ్గరలో ఉన్నదీ కచ్చితంగా కనిపించేదీ ఎక్కువ బరువు తూగుతుంది. పాల్ స్లోవిక్ 1987లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో చెప్పినది కూడా సామాన్యుడి అంచనా నిపుణుడి అంచనాకు భిన్నంగా ఉంటుందని, దానికి దాని సొంత తర్కం ఉంటుందని, దానిని గౌరవించి మాట్లాడాలని. తుఫాను గురించి మీరు రాసినదాని నుంచి నేను తీసుకునే అర్థం కూడా అదే. అక్కడ భయంతో పాటు చేయవలసిన పని స్పష్టంగా ఉంది. పని స్పష్టంగా లేనిచోట భయం పెంచితే, మనిషి ప్రమాదాన్ని ఎదుర్కోవడం మాని ఆ భయాన్నే వదిలించుకునే మార్గం వెతుక్కుంటాడు. మాట దాటవేయడం, రాత అనుకోవడం, కషాయం తాగడం, ఇవన్నీ ఆ మార్గాలే.

ఒక్క విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. జబ్బు ఎందుకు మొదలైందో తెలియకపోయినా, మొదలైనదాన్ని త్వరపెట్టేవి ఏమిటో బాగానే తెలుసు. అదుపులో లేని రక్తపోటు, నొప్పి సూదులు, మాత్రలు, ఎక్కువ ఉప్పు అందులో ఉన్నాయి. "ఎందుకు వచ్చిందో" అన్న ప్రశ్నకు జవాబు వచ్చేదాకా "ఎంత వేగంగా ముదురుతుందో" అన్నదాన్ని వదిలేయనక్కరలేదు. ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి చెప్పడమే మన ప్రాంతంలో అన్నిటికంటే ముఖ్యమైన ఆరోగ్యబోధ అని నా అభిప్రాయం.

సోంపేట వాసి

అందరికీ కృతజ్ఞతలు. మందస సభ్యులు ఊహించింది నిజమే, చెల్లెలికి సంబంధాలు చూస్తున్నాము. నాన్నగారితో ఈ కోణం నుంచి నేనెప్పుడూ మాట్లాడలేదు. ఒక్క సందేహం. ఉప్పు, సూదిమందు, మాత్ర, చేపలు అన్నీ ఒకేసారి మార్చమంటే ఆయన ఒప్పుకోరు. ఒక్కటే అడగవలసి వస్తే దేనితో మొదలుపెట్టాలి? మోకాళ్ల నొప్పికి వేరే దారి చూపకుండా సూది మానమనడం కూడా నాకు సబబుగా లేదు.

కంచిలి ఆరోగ్య కార్యకర్త

సూదితోనే మొదలుపెట్టండి, కానీ మీరన్నట్టు నొప్పికి దారి చూపించాకే. పలాస ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు మోకాళ్ల నొప్పి సంగతే ముందు చెప్పండి. ఆయన తనంతట తాను ఒప్పుకుంటున్న బాధ అదొక్కటే కాబట్టి ఆ పేరు చెబితే బయలుదేరుతారు, ఊళ్లో అడిగేవారికి చెప్పడానికి కూడా ఇబ్బంది ఉండదు. క్రియాటినిన్ కాగితం, ఇప్పటిదాకా వాడిన మందుల అట్టలు వెంట తీసుకువెళ్లి, మూత్రపిండాలకు హాని చేయని నొప్పి మందు ఏదో, రోజుకు ఎంత మించకూడదో డాక్టరుగారి చేత చీటీ మీద రాయించుకోండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఇవ్వకూడదని కూడా అదే చీటీ మీద రాయించి, మీ ఊరి ఆర్‌ఎంపీకి మర్యాదగా చూపించండి. మా ఊళ్లో ఆర్‌ఎంపీని తిట్టి లాభం లేకపోయింది, చీటీ చూపించాక సూది ఇవ్వడం మానేశారు. మూత్రంలో ఆల్బుమిన్ (మూత్రపిండాలు దెబ్బతింటే మూత్రంలోకి జారిపోయే ప్రోటీన్) పరీక్ష కూడా అడగండి, క్రియాటినిన్ ఒక్కటే చూస్తే సగం సంగతే తెలుస్తుంది. అదే రోజు అమ్మగారిని కూడా వెంట తీసుకువెళ్లి, రోజుకు ఎన్ని నీళ్లు తాగవచ్చో, పప్పు తినవచ్చో లేదో డాక్టరుగారి నోటితోనే చెప్పించండి. మీరు చెప్పినా, నేను చెప్పినా ఆవిడ నమ్మరు. ఉప్పు మాట మాత్రం మాత్ర అలవాటు అయ్యేదాకా ఎత్తకండి.